ధైర్యం చాలనిది ఎవరికి?

అమ్మకి కాలేయంలో కాన్సర్ అని తేలగానే, "ఆవిడకి మాత్రం చెప్పకండి డాక్టరుగారూ!" అంటాం. అది ప్రేమేనా?

రేడియేషన్‌ని గడ్డ దగ్గరికే చేర్చే వైద్యంలో పేరు తెచ్చుకున్న నోరి దత్తాత్రేయుడుగారు మన కృష్ణాజిల్లా మంటాడలో పుట్టారు. కాలేయానికీ అలాంటి వైద్యం ఒకటుంది. గడ్డకి ప్రధానంగా ధమని రక్తం, బాగున్న భాగానికి ఎక్కువగా వేరే సిర రక్తం అందుతాయి. బెజవాడలో బందరు కాలవకి వదిలిన నీళ్ళు ఏలూరు కాలవకి పోనట్టు, ధమనిలో పంపిన సన్నని ఇట్రియం-90 పూసలు చాలావరకు గడ్డనే చేరతాయి. గడ్డ కుంచించుకుపోయి, రెండోవైపు కాలేయం పెరిగితే, కుదరదన్న ఆపరేషన్ కుదరొచ్చు. పెరగకపోనూ వచ్చు. తేలడానికి వారాలు, నెలలు పడుతుంది.

అన్నాళ్ళూ ఎదురుచూడవలసింది ఆవిడ. దేనికోసమో చెప్పకుండా కూర్చోబెట్టడం న్యాయమా? ధైర్యం చాలనిది ఆవిడకా, మనకా?