కొలతకు లొంగనిది

చారిత్రక సైనికుల బస్ట్‌లకు, అంటే తల నుంచి ఛాతీ వరకు మాత్రమే మలిచిన చిన్న ప్రతిమలకు, రంగులు వేసే కళ పైకి ఓర్పునూ చేతి నేర్పునూ మాత్రమే కోరేదిగా కనిపించినా, గతంలో దేనిని కుదించి చూపవచ్చు, దేనిని కుదించడానికి వీలులేదు అనే ప్రశ్న ఆ పనిలో అడుగడుగునా ఎదురవుతూనే ఉంటుంది. ద్రవరూపంలో అచ్చులో పోస్తే గట్టిపడే రెజిన్ అనే పదార్థంతో తయారైన ఇటువంటి ప్రతిమ అసలు మనిషిలో పదో వంతు ఉంటే, తల ఎత్తు రెండు సెంటీమీటర్లను కొద్దిగా మించుతుంది. కన్ను వెడల్పు సుమారు 3 మిల్లీమీటర్లే.

మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916లో ఫ్రాన్స్‌లోని వెర్దున్ వద్ద పోరాడిన ఫ్రెంచ్ పదాతి సైనికుడి ప్రతిమనే తీసుకుంటే, దాని రంగుల్లోనే ఆ కాలపు చరిత్ర కనిపిస్తుంది. 1914లో ఫ్రెంచ్ సైన్యం ఎర్ర ప్యాంట్లతోనే యుద్ధానికి కదిలింది. నీలం, తెలుపు, ఎరుపు పోగులు కలిపి కొత్త బట్ట నేయాలని అప్పటికే నిర్ణయమైనా, ఎరుపుకు కావలసిన కృత్రిమ రంగు శత్రువైన జర్మనీ నుంచి రావలసినది కావడంతో ఆ పోగు తప్పిపోయి, మిగిలిన రెండింటి కలయిక దిగంత నీలంగా పేరుపొందిన లేత నీలమైంది. తూటాను ఆపలేకపోయినా ఫిరంగి గుండ్ల పెంకుల నుంచి తలను కొంత కాపాడగల అద్రియన్ ఉక్కు శిరస్త్రాణం 1915లో గుడ్డ టోపీ స్థానంలోకి వచ్చింది. కనుక ఆ దిగంత నీలాన్ని కలిపేవారు ఎరుపు పోగు లేని లోటును కూడా చిత్రిస్తున్నారు.

ఇంతవరకు పరిశోధనతో తెలుస్తుంది; ఆపైన వెలుగు సమస్య మొదలవుతుంది. మనిషి ముఖంలో కనుబొమల కింద స్పష్టంగా నిలిచే నీడ, మిల్లీమీటరు లోతైనా లేని గుంటలో గదివెలుతురుకు పలచబడి కంటికి ఆనదు. అందువల్ల చిత్రకారులు ముందుగా ప్రైమర్‌ను, అంటే రంగు పట్టి నిలవడానికి వేసే తొలిపూతను, నల్లగా వేసి, దానిమీద పైనుంచి తెలుపు చిమ్మి వెలుగు తగిలే చోట్లను గుర్తిస్తారు. తరువాత గ్లేజ్‌లను, అంటే అడుగు రంగు కనిపించేంత పలచని పూతలను, ఒకదానిపై ఒకటి వేస్తూ నీడను రంగుతోనే నిర్మిస్తారు. ఉన్నది ఉన్నట్టు కనిపించడానికి కంటికి అందని నీడను గీయవలసి రావడమే ఈ కళలోని అసలు పాఠం.

నీడకు వర్తించేది బాధకు మరింతగా వర్తిస్తుంది. 1916 ఫిబ్రవరి 21న మొదలై డిసెంబరు 18 దాకా సాగిన వెర్దున్ పోరులో ఇరుపక్షాలా కలిపి సుమారు 3 లక్షల మంది మరణించారని అంచనా. అంత పెద్ద సంఖ్య ముందు మనసు మొద్దుబారుతుంది, అరచేతిలో ఇమిడే ప్రతిమ ముందు అది ముచ్చటపడి ఊరుకునే ప్రమాదం ఉంది. యుద్ధాన్ని అలంకార వస్తువుగా మారుస్తుందని ఈ కళపై వచ్చే ఆక్షేపణలో బలం ఉన్నది కూడా ఇక్కడే. దానికి సమాధానం గుండీల ఖచ్చితత్వంలో దొరకదు. నిద్రలేమితో ఎర్రబడిన కనురెప్పల అంచును, మాసిన గడ్డాన్ని, బట్టలోకి ఇంకిన బురదను ఎంత శ్రద్ధతో చిత్రించారన్న దానిలోనే అది దొరుకుతుంది. నిబంధనలు సైనికులందరికీ ఒకే దుస్తులు ఇచ్చి వారిని ఒకరి స్థానంలో మరొకరిని నిలపగలిగే వారిగా చేశాయి. ఆ దుస్తుల్లో ఉన్నవాడు మరొకరితో పూడ్చలేని మనిషి అని చూపగలిగినప్పుడే ఈ కళ చరిత్రకు న్యాయం చేస్తుంది.