శ్రవణ ధర్మం: ఒక ఆదివారపు ధ్వనిముద్రణ ఆధారంగా పరిశీలన

న్యూయార్క్ నగరంలోని గ్రీనిచ్ విలేజ్ ప్రాంతంలో, మెట్లు దిగి చేరుకోవలసిన ఒక నేలమాళిగలో ‘విలేజ్ వాన్‌గార్డ్’ అనే చిన్న సంగీతశాల ఉంది. 1961 జూన్ 25, ఆదివారం నాడు అక్కడ బిల్ ఇవాన్స్ (పియానో), స్కాట్ లఫారో (బాస్), పాల్ మోటియన్ (డ్రమ్స్) అనే ముగ్గురు జాజ్ విద్వాంసులు మధ్యాహ్నం రెండు విడతలు, రాత్రి మూడు విడతలు వాయించారు. రివర్‌సైడ్ సంస్థ పక్షాన నిర్మాత ఓరిన్ కీప్‌న్యూస్ ఆ అయిదు విడతలనూ ధ్వనిముద్రణ చేయించారు. 11 రోజుల తరువాత, జూలై 6న, లఫారో కారు ప్రమాదంలో మరణించారు. అప్పటికి ఆయన వయస్సు 25 సంవత్సరాలు. ఆ ముగ్గురూ కలిసి చేసిన చివరి ధ్వనిముద్రణ అదే అయింది.

ఆ ముద్రణలో సంగీతంతో పాటు గాజుపాత్రలు తగిలిన చప్పుడు, మాటలు, అక్కడక్కడ నవ్వులు వినవస్తాయి. ‘మై ఫూలిష్ హార్ట్’ వంటి అతి మృదువైన రచన సాగుతున్నప్పుడు కూడ ఆ సందడి పూర్తిగా ఆగదు. వినే ప్రతివారికీ ఒక్కసారైనా ఆగ్రహం కలుగుతుంది. అంతటి సంగీతం ఎదుట జరుగుతుంటే వీరు మాట్లాడుకుంటున్నారేమి? ఈ ఆగ్రహం న్యాయమైనదేనా, వినడం ఒక ధర్మమైతే ఆ ధర్మం దేనికి బద్ధమైనది అన్నది ఈ వ్యాసంలో పరిశీలించదలచిన ప్రశ్న.

ఆ శ్రోతల పక్షాన మొదట చెప్పదగిన సమాధానం అజ్ఞానం. వారు సెలవు దినాన కాలక్షేపానికి వచ్చారు. అది కచేరీ మందిరం కాదు, పానీయాలు అందించే చోటు. అది ఆ బృందపు చివరి ముద్రణ కాబోతున్నదని వారికి తెలియదు, వాయించేవారికీ తెలియదు. అయితే ఈ సమాధానం పూర్తిగా నిలవదు. లఫారో మరణిస్తాడని తెలియకపోవడం నిజమే. కాని ఆయన వాయిస్తున్నది వారి చెవులకు అందుతూనే ఉన్నది. సంగీతపు విలువ మరణం వలన ఏర్పడినది కానప్పుడు మరణాన్ని ఎరుగకపోవడం సాకు కాజాలదు.

ఇదే తర్కాన్ని మనవైపు తిప్పితే మన స్థితి మరింత చిక్కులో పడుతుంది. మనం ఆ ముద్రణను నిశ్శబ్దంగా వింటున్నామంటే, ఆ నిశ్శబ్దంలో కొంత భాగం సంగీతానికి, కొంత భాగం మరణానికి చెందుతుంది. ‘సండే ఎట్ ది విలేజ్ వాన్‌గార్డ్’ అనే తొలి సంపుటిలోని రచనల ఎంపికే లఫారో మరణానంతరం జరిగింది. అది ఆయన రచించిన ‘గ్లోరియాస్ స్టెప్’తో మొదలై, ఆయనదే అయిన ‘జేడ్ విజన్స్’తో ముగుస్తుంది. ఆయన వాద్యనైపుణ్యం ప్రస్ఫుటమయ్యేట్లు ఆ కూర్పు జరిగింది. మిగిలిన వాటిలో కొన్ని 1962లో ‘వాల్ట్జ్ ఫర్ డెబీ’ అనే సంపుటిగా వెలువడ్డాయి. కనుక మన చేతికి అందిన తొలి సంపుటి కొంతవరకు ఒక స్మృతిచిహ్నం. ‘జేడ్ విజన్స్’ను మనం వీడ్కోలుగా వింటాం. ఆయన దానిని వీడ్కోలుగా వాయించలేదు. పాతికేళ్ల యువకుడు ఒక ఆదివారం తన పని తాను చేసుకున్నాడు. ఆ వాదనంలోని నిశ్చింతను మన విషాదంతో కప్పివేయడం కూడ ఒక విధమైన అశ్రవణమే.

ఇక్కడ మన అవధాన ప్రక్రియ ఒక సూక్ష్మభేదాన్ని గుర్తించడానికి ఉపకరిస్తుంది. అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగి పని ఏకాగ్రతను చెదరగొట్టడమే. అయినా అతనిని రసభంగ కారకుడని ఎవరూ నిందించరు. ఎందుకంటే అతని మాట అవధానిని ఉద్దేశించినది. అతడు ప్రక్రియలో భాగస్వామి. దీనినిబట్టి, చప్పుడు చేయడం స్వతస్సిద్ధంగా దోషం కాదు. దోషమేదైనా ఉంటే అది ఎదుట ఉండి కూడ లేకపోవడంలో ఉంది. అయితే అది ముద్రణలో వినిపించదు. మౌనంగా కూర్చున్నవాడి మనస్సు మరెక్కడో ఉండవచ్చు. గుసగుసలాడిన వ్యక్తి పక్కవారిని ఆ బాస్ నాదం వినమని హెచ్చరించి ఉండవచ్చు. అందువలన ఆ శ్రోతలపై వ్యక్తిగతంగా తీర్పు చెప్పడానికి మనకు ఆధారం లేదు. అభినవగుప్తుడు సహృదయుని నిర్వచించేటప్పుడు కావ్యానుశీలనంతో నిర్మలమైన మనోముకురాన్ని, వర్ణనీయంలో తన్మయం కాగల యోగ్యతను చెప్పాడే గాని, కవి ఆయుర్దాయ పరిజ్ఞానాన్ని చెప్పలేదు.

మరి శ్రవణానికి ప్రమాణం ఎక్కడ దొరుకుతుంది? ఆ వేదిక మీదనే దొరుకుతుంది. సాధారణంగా జాజ్ త్రయంలో పియానో ముందు నడుస్తుంది, బాస్ లయను మోస్తుంది, డ్రమ్స్ కాలాన్ని నిలుపుతాయి. 1959లో ఏర్పడిన ఈ బృందం ఆ పద్ధతిని సడలించింది. లఫారో ప్రతి మాత్రనూ లెక్కపెట్టినట్లు వాయించక, పియానోకు ప్రతివచనం చెబుతాడు. ఇవాన్స్ అతనికి చోటు విడిచి ఆగుతాడు. మోటియన్ కాలాన్ని ప్రకటించక సూచించి ఊరుకుంటాడు. ఒకరు వినకపోతే మరుక్షణమే ఆ నిర్మాణం కూలిపోతుంది. వారు పరస్పరం అంత శ్రద్ధగా వినడానికి ఇది చివరిసారి అన్న ఎరుక అవసరం కాలేదు. ఎదుటివాడు వాయిస్తున్నాడన్నది ఒక్కటే వారికి చాలింది.

ప్రతిక్షణాన్నీ చివరిదిగా భావించాలన్న ప్రసిద్ధోపదేశం ఇదేనని కొందరు అనవచ్చు. నా అభిప్రాయం అది కాదు. ఆ ఉపదేశం శ్రద్ధకు మరణాన్ని కాపలా పెడుతుంది. పైగా మనిషి శ్రద్ధ పరిమితమైనది. పానీయం అందించే పరిచారకుడు ప్రతి స్వరానికీ నిలిచిపోలేడు. అన్నిటినీ వినడం ఎవరికీ సాధ్యం కాదు. వినదగినదా కాదా అన్న నిర్ణయాన్ని వినక పూర్వమే చేయకుండా ఉండడం మాత్రం సాధ్యం. శ్రవణ ధర్మం నిర్బంధించేది ఇంతమాత్రమే.

ఈ ప్రశ్న తెలుగు పరిశోధకులకు పరాయిది కాదు. జానపద గాయకుని వద్దకు ధ్వనిముద్రణ యంత్రంతో వెళ్లేటప్పుడు మన సిద్ధాంత గ్రంథాలలో తరచు వ్రాసుకునే కారణం ‘అంతరించిపోతున్న కళారూపం’ అన్నది. సేకరణ అవసరాన్ని కాదనలేము. కాని ఆ కారణం మనచేత మనమే చేయించుకున్న ఒప్పుకోలు కూడ. ఆ కళ నిండుగా ఉన్నప్పుడు మనం వేరే మాటలలో ఉన్నాము. ఆ గాయకునికి తన పాట అంతరిస్తున్న వస్తువు కాదు, ఆ రాత్రి పాడవలసిన పాట. ముద్రణలో పడిన పసిపిల్ల ఏడుపును, కోడి కూతను తొలగించి శుద్ధప్రతిని తయారుచేసే ముందు, మనం విన్నది పాటనా, దాని అంత్యదశనా అని ప్రశ్నించుకోవాలి. వాన్‌గార్డ్ శ్రోతలను నిందించే అర్హత ఆ ప్రశ్నకు మనమిచ్చే సమాధానం మీద ఆధారపడి ఉంటుంది.