బబులోనులో మొదటి సంవత్సరము

చదువుకొనవలసిన భాగము: దానియేలు గ్రంథము, 1వ అధ్యాయము



ఈ యేడు మన సంఘమునుండి అయిదుగురు పిల్లలు పై చదువులకై పట్టణములకు వెళ్లిరి. వారిలో ఒక చిన్నది, చేరిన మూడవ వారమున, రాత్రి పది దాటిన తరువాత నాకు ఫోను చేసి, "అయ్యగారూ, ఇంటికి వచ్చేయమంటారా?" అని యేడ్చెను. ఇంటర్మీడియేటు వరకు తెలుగులో చదివిన బిడ్డకు పాఠములన్నియు ఇంగ్లీషులోనే చెప్పుచున్నారట. గదిలోని తక్కిన ముగ్గురు నవ్వుకొనినప్పుడెల్ల తన్ను గూర్చియే నవ్వుచున్నారని తోచుచున్నదట. హాస్టలు అన్నము సహించుట లేదట. ఆ రాత్రి నేను ఆమెతో చెప్పిన సంగతినే యిచ్చట వ్రాయుచున్నాను.

దానియేలు అనగానే మనము సింహముల గుహను తలంతుము. ఆ గుహ నాటికి అతడు ముసలివాడు. మొదటి అధ్యాయములో అతడు కొత్తగా చేరిన విద్యార్థి. క్రీస్తుపూర్వము 605 ప్రాంతమున నెబుకద్నెజరు యెరూషలేమునుండి కొందరు బాలురను తెప్పించి, మూడు సంవత్సరములు కల్దీయుల భాషను విద్యను నేర్పింప నియమించెను. ఆ విద్య సామాన్యమైనది కాదు. తడి మట్టిపలకలమీద మేకుల వంటి గీతలతో వ్రాయు లిపి. అందులో గురుతులు వందల కొలదిగా నుండెను. ఇల్లు లేదు, దేవాలయము లేదు, తల్లి పెట్టిన పేరు కూడ లేదు. దానియేలు బెల్తెషాజరాయెను, హనన్యా షద్రకాయెను.

నేను చాలకాలము గమనింపని సంగతి యొకటి యిక్కడ నున్నది. దానియేలు దేనిని కాదనలేదో చూడుడి. పరభాషను నేర్చుకొనెను. అన్యుల శాస్త్రములను నేర్చుకొనెను, పదింతలు బాగుగా నేర్చుకొనెను. పేరు మార్చినప్పుడు, అది బబులోను దేవత పేరుతో కూడినదైనను, అతడు జగడమాడినట్లు గ్రంథము చెప్పదు. భోజనపు బల్లయొద్ద మాత్రము ఆగెను. అక్కడనే యెందుకు? సెమినరీలో మాకీ ప్రశ్న పరీక్షలో వచ్చినది. విగ్రహముల కర్పించిన ఆహారము గనుక అని వ్రాసి మార్కులు తెచ్చుకొంటిని. ఇప్పుడు నాకు మరియొకటి కూడ తోచుచున్నది: ఎవరి యుప్పు తిందుమో వారి మనుష్యులమగుదుము. తాను ఎవరివాడో మరచిపోకుండుటకు ఆ బాలుడు దినమునకు రెండు మారులు విస్తరియొద్ద జ్ఞాపకము చేసికొనెను.

నేనట్లు చేయలేదు. ఈ సంగతి సంఘములో ఎన్నడును చెప్పలేదు గాని యిప్పుడు చెప్పవలెను. 1998లో నేను డిగ్రీ మొదటి సంవత్సరములో చేరితిని. గదిలోని వారు చక్కని చొక్కాలు వేసికొనువారు, తండ్రులు ఉద్యోగస్థులు. మా నాయన పాలేరుతనము చేసెనని వారికి చెప్పలేదు. దసరా ముందర ఒక శనివారమున మా అమ్మ, నాట్లకు పోవు చీరతోనే, గోంగూర పచ్చడి సీసాయు జంతికల మూటయు పట్టుకొని హాస్టలు వాకిట నిలిచెను. "ఎవర్రా?" అని ఒకడు అడిగెను. "మా ఊరావిడ" అంటిని. అమ్మ వినెను. ఏమియు అనలేదు. కొంగు ముడి విప్పి యాభై రూపాయలు నా చేతిలో పెట్టి, "బస్సుకి టయిమయ్యింది నాయనా" అని వెళ్లిపోయెను. నేను బస్టాండు వరకైనను వెళ్లలేదు. ఆ పచ్చడి గదిలో అందరు తినిరి, నేను తినలేకపోతిని. క్రిస్మసుకు ఇంటికి పోయి కాళ్లమీద పడగా ఆమె, "నీకక్కడ ఆకలెయ్యట్లేదు గదా?" అని మాత్రము అడిగెను. పేతురు కోడి కూతకు ఏడ్చెనని చదువునప్పుడెల్ల నాకు ఆ గోంగూర వాసన వచ్చును.

కావున పిల్లలారా, ఇంగ్లీషు నేర్చుకొనుడి. తప్పులు మాటలాడుచునే నేర్చుకొనుడి. బల్లమీద కత్తితో ముళ్లగరిటెతో తినుట నేర్చుకొన్నను దోషము లేదు. మొదటి సెమిస్టరులో ఒక సబ్జెక్టు మిగిలిపోయినను లోకము మునిగిపోదు, మరల వ్రాయవచ్చును. కాని ఇంటివారిని దాచవద్దు.

దానియేలు అడిగిన రీతిని కూడ చూడుడి. అధిపతియొద్దకు వినయముతో వెళ్లెను. ఆయన రాజుకు భయపడగా, తమమీద నియమింపబడిన వానియొద్దకు పోయి పది దినములు మాత్రము పరీక్షించి చూడుమనెను. మూడు సంవత్సరముల సంగతి యెత్తలేదు. మరియు అతడు ఒంటరిగా లేడు. నలుగురు కలిసి కూరగాయలు తినిరి. ఆ చిన్నదానితో నేను, "నాలుగేండ్లు తలంచవద్దమ్మా, పది దినములు చూడుము, ఈలోగా నీవలె తెలుగులో చదివి వచ్చిన పిల్లను ఒక్కతెను వెదకుకొనుము" అంటిని.

ర్యాగింగు వేరు సంగతి. అది ఓర్చుకొనవలసిన శ్రమ కాదు. మన రాష్ట్రమున 1997 నుండియే అది నేరము. 1800-180-5522 అను నంబరుకు ఏ వేళనైనను ఫోను చేయవచ్చును. అటువంటి దానిని భక్తి పేరిట సహింపుమని ఏ పెద్దయైనను చెప్పినయెడల, నాయొద్దకు పంపుడి.

తలిదండ్రులారా, మీరు ఫోను చేసినప్పుడు మొదటనే మార్కులు అడుగకుడి. తిన్నావా అని అడుగుడి, ఎవరితో తిన్నావని కూడ అడుగుడి. "నీ చదువుకు పొలము తాకట్టు పెట్టితిమి" అని ప్రతి వారము జ్ఞాపకము చేయకుడి; ఆ మాట వారు నిద్రలో కూడ మరువరు.

పదునొకండవ దినమున ఆ బిడ్డ మరల ఫోను చేసెను. శ్రీకాకుళమునుండి వచ్చిన పిల్ల యొకతె దొరికినదట. ఇద్దరును కలిసి రాత్రులు పాఠమును తెలుగులో చెప్పుకొని ఇంగ్లీషులో వ్రాసికొనుచున్నారట. అన్నము ఇంకను బాగుగా లేదట. "ఇంకొక పది రోజులు చూస్తాను అయ్యగారూ" అనెను.

హాస్టళ్లలో నున్న పిల్లల పేర్లు శుక్రవారపు స్త్రీల కూటమునకు ముందుగా నాకు వ్రాసి యియ్యుడి. వచ్చే నెల నేను విశాఖపట్టణము వెళ్లుచున్నాను. పచ్చడి సీసాలు పంపదలచిన తల్లులు మూత గట్టిగా బిగించి తెచ్చి యియ్యవలెను.