ముక్కుకు పని

గీతలో మూడో అధ్యాయం కర్మయోగం. ఏ పనీ చేయకుండా ఎవరూ క్షణమైనా ఉండలేరని కృష్ణుడు అక్కడ అంటాడు. వెంటనే ఇంకో మాట చేరుస్తాడు: కర్మేంద్రియాలను బిగబట్టి, మనసులో మాత్రం విషయాలనే నెమరువేసేవాడిది మిథ్యాచారం. అదే అధ్యాయంలో ఇంకొంత ముందుకు పోయాక, ప్రాణులన్నీ తమ ప్రకృతి వెంటే నడుస్తాయి, నిగ్రహం ఏం చేయగలదని అర్జునుణ్నే అడుగుతాడు. ఈ శ్లోకాలకు మహానుభావుల వ్యాఖ్యానాలు చాలా ఉన్నాయి. తాడిపత్రి వైపు యాడికి అనే ఊళ్లో ఒక మగ్గం ఇంటి పెరట్లో ఇంకొకటి దొరికింది.

ఆ ఇంట్లో ఏడెనిమిది పెట్టలు, ఒక పుంజు. రెండు పెట్టలకు తోక మొదట్లో ఈకల్లేవు. బోడి చర్మం ఎర్రగా కమిలింది. ఒకదానికి పుండే పడింది. అది గూడు మూల నుంచి బయటికి రావడం లేదు.

“అవ్వా, వీటికేం రోగమొచ్చింది?”

“రోగం గాదు నాయనా. ఇల్లు బాగుజేసుకుంటిమి గదా, ఆ తిప్పలు. వాకిలంతా బండలు పరిపిస్తిమి. దిబ్బ ఊరి బయటికి పాయె. ఇంగ అవి యాడ కెలుకుతాయి?”

తాడిపత్రి వైపు నాపబండలకు కరువు లేదు, కరువంతా వానకే. నాలుగు డబ్బులు చేతిలో ఆడితే ఇంటి ముందూ వెనకా బండలు పరచడం ఇక్కడ మొదటి ముచ్చట. వాకిలి అద్దంలా ఉంటుంది, కసువు ఊడవడం తేలిక. కోడికి మాత్రం కాలి కింద నేల పోయింది. మట్టిని గీరడం, కెలకడం, పురుగునో గింజనో ముక్కుతో ఏరుకోవడం, ఎండపొద్దున దుమ్ములో పొర్లడం. మేలుకున్న పొద్దులో సగానికి పైగా దాని బతుకు ఇదే. పొట్ట నిండినంత మాత్రాన ఆ కోరిక తీరదు. గిన్నెలో నూకలు పోస్తే తినడం ఐదు నిమిషాల్లో అయిపోతుంది. మిగిలిన పగలంతా ఆ ముక్కు ఏం చేయాలి?

పక్క కోడి ఈక పీకుతుంది.

దీన్ని చూసి కోపమనుకుంటాం. పోట్లాట అయితే రెండూ ఎదురెదురుగా నిలబడి, మెడ ఈకలు నిక్కబొడుచుకుంటాయి. పోటు తలకో, జుట్టుకో తగులుతుంది. ఈకలు పీకే కోడి దారి వేరు. వెనకగా వస్తుంది, గింజ ఏరుకున్నంత నిదానంగా తోక దగ్గర ఒక ఈక లాగుతుంది, ఒక్కోసారి మింగుతుంది కూడా. దాని చూపులో పగ వెతికినా కనపడదు. నేల మీద పడాల్సిన పోటు దారి తప్పి పక్కదాని మీద పడుతోందని కోళ్ల నడత చదివినవారు ఎక్కువగా చెప్పే మాట. అవ్వ చెప్పిందీ అదే. అయితే చర్మం చిట్లి రక్తం కనపడిందా, కథ మారిపోతుంది. ఎరుపు చూసిన గుంపు మొత్తం ఆ ఒక్కదాని మీదే పడుతుంది. అడ్డుపడకపోతే చంపేదాకా వదలవు.

ఈకలు ఊడిన ప్రతి కోడినీ బాధితురాలని అనుకోనక్కర్లేదు లెండి. పగళ్లు కురచబడే కాలంలో పాత ఈకలు రాల్చి కొత్తవి వేసుకోవడం దానికి ఏటేటా ఉన్నదే. అప్పుడు గుడ్లు మానేస్తుంది. ఈక నూటికి 85 పాళ్లకు పైగా మాంసకృత్తే కాబట్టి ఒంట్లో సత్తువంతా అటే పోతుంది. పొదుగుకు కూర్చున్న పెట్ట గుడ్లకు ఒంటి వేడి తగలాలని పొట్ట ఈకలు తానే పీక్కుంటుంది. పుంజు ఒకే పెట్ట వెంట పడితే దాని వీపు బోడి అవుతుంది. పేలు పడినా ఈకలు పోతాయి. పైకి అన్నీ ఒకేలా కనపడతాయి. ఒకటి కాలధర్మం, ఒకటి తల్లితనం, ఒకటి హింస. మందు వెతికే ముందు ఎక్కడ ఊడాయో చూడమని అవ్వ లాంటివాళ్లు చెప్పేది అందుకే.

మనుషులు కనిపెట్టిన మందులు వింతగా ఉంటాయి. అమెరికాలో 1903లోనే ఒకాయన కోళ్ల కంటికి రక్షణగా కళ్లజోడు తయారుచేసి పేటెంటు పుచ్చుకున్నాడు. తర్వాత, రక్తం ఎర్రగా కనపడకూడదని ఎర్ర అద్దాల జోళ్లూ అంగట్లోకి వచ్చాయి. పెద్ద గుడ్ల ఫారాల్లో అంతకన్నా సూటి పద్ధతి ఉంది. పిల్లగా ఉన్నప్పుడే ముక్కు కొన కాల్చి కత్తిరిస్తారు. ఆ కొన దాకా నరాలున్నాయి, నొప్పి ఉంది. నార్వే 1974లోనే ఈ పనిని నిషేధించింది. వేల కోళ్లను సాకేవారికి నష్టాల భయం ఉంటుంది, దాన్ని తీసిపారేయలేం. కానీ ముక్కు పోయిన కోడి పొడవడం మానదు. గాయం చిన్నదవుతుంది, అంతే. ఇంద్రియాన్ని కోసేసి కోరికను అలాగే ఉంచడానికి కృష్ణుడు పెట్టిన పేరు మిథ్యాచారం. ఉపవాసమున్న రోజంతా రేపటి వంట గురించే ఆలోచించేవాళ్లం, మౌనవ్రతంలో పలక మీద తగాదా రాసేవాళ్లం ఆ ఫారాలను వేలెత్తి చూపడానికి కాస్త జంకాలి.

అసలు పోట్లాటకూ ఒక మర్యాద ఉంది. నార్వే శాస్త్రవేత్త షెల్డరప్-ఎబ్బె చిన్ననాటి నుంచి కోళ్లను చూస్తూ పెరిగి, ఏది దేన్ని పొడవవచ్చో గుంపులో వరస ఉంటుందని 1920ల తొలినాళ్లలో రాశాడు. వరస కుదిరాక కొట్లాట తగ్గుతుంది. గిన్నె ఒక్కటే పెట్టినప్పుడు, మే ఎండలో నీళ్ల తొట్టి ఒక్కటే ఉన్నప్పుడు అది మళ్లీ రాజుకుంటుంది. భాగవతం పదకొండో స్కంధంలో అవధూత తన ఇరవై నలుగురు గురువుల్లో కురర పక్షిని లెక్కపెడతాడు. మాంసం ముక్క పట్టుకున్నంతసేపూ బలమైన పక్షులు దాన్ని తరిమాయి, వదిలేశాక దానికి సుఖం దొరికింది. యతికి ఆ పాఠం సరే. పెట్టకు సన్యాసం బోధించలేం కాబట్టి ఇంటామే రెండో గిన్నె పెట్టాలి, దూరంగా, నీడలో.

కసిని కోసేయకుండా దానికి పని చూపించిన కథా ఒకటుంది. కంద పురాణంలో సుబ్రహ్మణ్యుడు శూరపద్ముణ్ని రెండుగా చీల్చాక ఒక సగం నెమలి, ఒక సగం కోడి అవుతాయి. అసురుడి కసి ఎక్కడికీ పోలేదు. స్వామి ఒకదానికి మోసే పని, రెండోదానికి ధ్వజమెక్కి కూసే పని అప్పజెప్పాడు. మాకు తెలిసిన కోపిష్ఠి ఒకాయన గుడిలో అన్నదానం పొయ్యి దగ్గర నిలబడ్డాక చల్లబడ్డాడు. ఇంట్లో మాత్రం ఇప్పటికీ అంతే అంటారు.

అవ్వ వేపచెట్టు మొదట్లో నాలుగు బండలు లేపించింది. అక్కడ ఎర్రమట్టి పోసి, పొయ్యి బూడిద కలిపి, రాలిన ఆకు పరిచింది. నూకలు గిన్నెలో పోయడం మాని ఆ ఆకులోనే చల్లుతోంది. వెతుక్కుని తినడానికి వాటికి పొద్దు చాలడం లేదు. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూఇటుగా వాన పడే ఈ సీమలో ఎండాకాలం నేలలో పురుగు దొరకదు. అందుకని బోర్లించిన కుండలో తడి పేడా గడ్డీ పెట్టి చెదలు పట్టించి పోస్తుంది. బూజు పట్టని చెనిక్కాయ చెక్క కాస్త నానబెట్టి వేస్తుంది.

పుండుపడిన పెట్టకు వేపనూనెలో పసుపు కలిపి పూసి, ఎరుపు కప్పేసి, గంప కింద మూసింది. గంప మాత్రం తక్కిన కోళ్లకు కనపడేలా వాకిట్లోనే పెట్టింది. కొన్నాళ్లు కంటబడకపోతే కొత్తదనుకుని మళ్లీ పొడుస్తాయట. తోలు మానాక, చీకటి పడి అన్నీ గూట్లో సర్దుకున్నప్పుడు దాన్ని వాటి మధ్యకు జారవిడిచింది. తెల్లారి ఒకటీ రెండు పోట్లు పడ్డాయి, తల మీదే. నేను లేవబోయాను.

“కూసో నాయనా, అది వాటి పంచాయితీ,” అని అవ్వ మగ్గం కాడికి పోయింది.