మయసభలో ఒక చీటీ

కాన్ఫరెన్సు పేరు చెప్పుకొని లాస్ వేగాస్ చూడని డాక్టరు మన సంఘంలో ఉన్నారని నేననుకోను. పోయిన వసంతంలో నా వంతు వచ్చింది. ఊరి నుంచి వచ్చి మాతో ఉంటున్న మామగారిని కూడా తీసుకువెళ్ళాను. ఆయన రిటైరైన తెలుగు పండితులు. "జూదమాడే ఊరికి నేనెందుకు బాబూ" అంటూనే చొక్కా మార్చుకున్నారు.

బస లక్సర్‌లో. 1993 లో తెరిచిన ముప్ఫై అంతస్తుల నల్ల అద్దాల పిరమిడ్ అది. గది గోడ ఏటవాలు, లిఫ్టు ఎక్కడమూ ఏటవాలే. ముందు స్ఫింక్స్ కూర్చుని ఉంటుంది గాని, లోపల ఈజిప్టు చాలావరకు ఖాళీ అయిపోయింది. మొదట్లో నైలు నది పేరుతో పడవ షికారు ఉండేది, టూటంఖామున్ సమాధికి నకలు ఉండేది. పడవలు పోయాయి. నకలును ఊళ్ళోని మ్యూజియానికి ఇచ్చేశారు. ఆ వీధి తీరే అంత. దగ్గరలోనే 1957 నాటి ట్రాపికానాను బేస్‌బాల్ స్టేడియం కోసం 2024 అక్టోబరులో మందుగుండు పెట్టి కూల్చారు. అక్కడ అరవై ఏళ్ళు నిలిచిందంటే పురాతన కట్టడమే మరి!

"మయసభ" అన్నారు మామగారు. దుర్యోధనుడు నీటిని నేలనుకొని పడడమూ, ఆ తరవాతి జూదమూ రెండూ సభాపర్వంలోనివేనని గుర్తుచేశారు.

సాయంత్రం మరో హోటలుకు నడిచాం. పేరు అనవసరం. సరదాకి ఒక యంత్రంలో ఇరవై డాలర్లు పెట్టాను. పది నిమిషాల్లో ఎనభై ఆరు డాలర్లకు చీటీ వచ్చింది. పక్క స్టూలు మీద ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టుకున్న ముసలామె "అదృష్టవంతుడివి" అని మెచ్చుకుంది. ఆమె వేలు మాత్రం బొత్తాం మీది నుంచి కదలలేదు. చుట్టూ సిగరెట్టు పొగ.

"ఎవరి డబ్బు బాబూ అది?" అన్నారు మామగారు.

హోటలువాళ్ళది అన్నాను. కాదని నాకే తెలుసు. పందెం కాసినదాంట్లో 75 శాతానికి తగ్గకుండా తిరిగి వచ్చేటట్టు యంత్రాన్ని అమర్చాలని నెవాడాలో నియమం ఉంది. ఇచ్చేదీ ఆటగాళ్ళ సొమ్మే, మిగుల్చుకునేదీ ఆటగాళ్ళ సొమ్మే. నాకు మిగిలిన అరవై ఆరు డాలర్లు ఆవిడలాంటి వాళ్ళవి.

ఆమె ఇష్టపడి ఆడుతోంది గదా అనవచ్చు. ఆ మాట వైద్యుడిగా నాకు మింగుడుపడదు. పార్కిన్సన్స్ వ్యాధికి వాడే ప్రామిపెక్సోల్ వంటి మందులతో కొందరికి, జన్మలో పేకముక్క ముట్టనివారికి సైతం, జూదపు యావ పట్టుకుంటుంది. మందు తగ్గిస్తేనో, ఆపితేనో చాలామందిలో అది తగ్గిపోతుంది. వాళ్ళను మనం నిందించం. మాత్ర పుట్టించిన కోరిక ఆ మనిషిది కాకపోతే, ఆ దీపాలూ, ఆ మోతలూ, వెంట్రుకవాసిలో తప్పినట్టు కనబడే ఆ బొమ్మలూ పుట్టించిన కోరిక ఎవరిది? అమెరికన్ మనోవైద్యులు దీన్ని 1980 లో రోగాల పట్టికలో చేర్చారు, 2013 లో మద్యం, మత్తుమందుల వరసలోకి మార్చారు.

"అలాగైతే ధర్మరాజుకూ మందు చీటీ రాసిచ్చి పంపించేస్తారా?" అన్నారు మామగారు. "ద్రౌపది ఆయన యావ సంగతి అడగలేదు. ముందు తనను ఓడాడా, నన్ను ఓడాడా అని సభను అడిగింది. భీష్ముడంతటివాడు ధర్మం సూక్ష్మమని తప్పుకున్నాడు."

సభను అడిగింది. నన్ను పట్టుకున్నది ఆ మాట. ఆక్సిజన్ పక్కన సిగరెట్టు వెలిగితే ఏమవుతుందో తెలిసినవాణ్ణి. ఆమె పెదవులు నీలంగా ఉండడం చూశాను. మా వార్డులో అయితే కుర్చీ లాక్కుని కూర్చునేవాణ్ణి. అక్కడ చీటీ తీసుకుని, థాంక్స్ చెప్పి లేచాను.

ఆ చీటీని డబ్బు చేసుకోలేదు. అదేదో త్యాగమనుకున్నాను. తీరా చూస్తే, గడువు దాటిన చీటీల సొమ్ములో ముప్పాతిక భాగం 2011 నాటి చట్టం ప్రకారం రాష్ట్ర ప్రభుత్వానికి పోతుందట, తక్కినది కాసినోకే.

"అయితే ధృతరాష్ట్రుడికీ వాటా ఉందన్నమాట" అన్నారు మామగారు. కాసేపాగి, ఆవిడ పేరైనా అడిగారా అన్నారు. అడగలేదు.