అవధానభక్తియు కొంగజపమును

కొల్లేటి ఒడ్డున నివసించువారికి కొంగజపమనగా నేమో వేరుగ చెప్పనక్కరలేదు. మోకాలిలోతు నీటిలో నిలిచి, మెడ ముడుచుకొని, కన్నార్పక చూచుచుండు ఆ పక్షిని మించిన ఏకాగ్రత ఏ సాధకునకు కలదు? గాలి వీచినను, దోనె ప్రక్కగా పోయినను అది చలింపదు. అయినను మన పెద్దలు దాని నిశ్చలత్వమునకు జపమని పేరుపెట్టి, ఆ పేరును కపటమునకే వాడుచు వచ్చిరి. చూపు చెదరలేదు, మనస్సు మరలలేదు. మరి దానిలో లోపించినదేమి? ఈ ప్రశ్నను విడిచి ధ్యానమును గూర్చి ఎంత మాటలాడినను ఫలము లేదని నా అభిప్రాయము.

నేడు ఈ విచారణ అవసరమగుటకు కారణము కలదు. జరుగుచున్న క్షణమునందు మెలకువతో నుండుట అను అభ్యాసము ఇప్పుడు లోకమంతట వ్యాపించినది. అమెరికాలో మాసచూసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రమున జాన్ కబట్-జిన్ 1979లో దీర్ఘవ్యాధులతో బాధపడువారి కొరకు ఆరంభించిన ఎనిమిది వారముల శిక్షణ కాలక్రమమున ఆసుపత్రులను దాటి కార్యాలయములకును, అచ్చటినుండి సెల్‌ఫోనులలోనికిని వచ్చినది. దీని మూలము బౌద్ధుల 'సతి', అనగా స్మృతి. మన సీమకు ఇది క్రొత్త కాదు. కామవరపుకోటకు సమీపమున గుంటుపల్లి కొండలో క్రీస్తునకు పూర్వమే భిక్షువులు రాతిని తొలిచి చైత్యమును, విహారములను ఏర్పరచుకొనిరి. ఇప్పుడును ఏలూరు నుండి చింతలపూడి పోవు దారిలో విజయరాయి వద్ద ధమ్మవిజయ కేంద్రమున, సత్యనారాయణ గోయంకా గారు 1969లో బర్మానుండి మన దేశమునకు తెచ్చిన విపశ్యనను నేర్పుచున్నారు. పది దినముల శిబిరము. మొదట కొన్ని దినములు వచ్చిపోవు శ్వాసను మాత్రమే గమనింపవలెను. పిమ్మట శరీరమునందు పుట్టి గిట్టు వేదనలను రాగద్వేషములు లేక చూడవలెను.

అన్యమార్గమని దీనిని త్రోసిపుచ్చుట నాకు సమ్మతము కాదు. అచ్చటి నియమమొకటి మనము ప్రత్యేకముగ గమనింపదగినది. శ్వాసను చూచుటకు ముందే సాధకుడు అహింస, అస్తేయము, సత్యము మొదలైన పంచశీలములను స్వీకరింపవలెను. కార్యాలయములకు చేరిన అభ్యాసములో చాలచోట్ల ఈ మొదటి మెట్టే జారిపోయినది. పని ఒత్తిడి తగ్గుటకు ధ్యానము నేర్పుదురు కాని, ఆ పని ఎట్టిదని అడుగరు. కొంగకు కావలసినదంతయు అచ్చట లభించును.

మన మార్గమున ఈ విషయము మరియొక విధముగ నిర్ణయింపబడినది. షట్‌స్థలములకు ఆరు భక్తులు చెప్పబడినవి. భక్తునకు శ్రద్ధ, మహేశ్వరునకు నిష్ఠ, ప్రసాదికి అవధానము, ప్రాణలింగికి అనుభవము, శరణునకు ఆనందము, ఐక్యునకు సమరసము. అవధానము మూడవది యగుట యాదృచ్ఛికము కాదు. శ్రద్ధయు నిష్ఠయు లేనివాడు మెలకువను సంపాదించినచో, ఆ మెలకువ వాని కోరికలకే బంటుగ పనిచేయును. తెలుగువారికి అవధానమనగానే తిరుపతి వేంకట కవులును, పృచ్ఛకులును గుర్తునకు వచ్చుట సహజము. ప్రసాదికి సభ లేదు, మెచ్చుకొను పృచ్ఛకుడును లేడు. కంటికి వచ్చిన రూపమును, చెవికి వచ్చిన శబ్దమును, నాలుకకు వచ్చిన రుచిని ముందుగ లింగమునకు అర్పించి, పిమ్మట ప్రసాదముగ గ్రహించుటయే అతని అవధానము. అర్పించుటకు ఒక క్షణము ఆగవలెను. ఆగినపుడు, ఇది అర్పింపదగినదేనా, నాకిది ఎట్లు వచ్చినది అను ప్రశ్న తప్పక పుట్టును. కొంగకు పట్టుటకును మ్రింగుటకును నడుమ ఆ క్షణము లేదు.

ఎడమ అరచేతిలో ఇష్టలింగము నుంచుకొని దృష్టి నిలుపు నిత్యపూజ ఈ అవధానమునకు బడి వంటిది. అయితే తాడేపల్లిగూడెము ఉల్లిపాయల మార్కెట్టులో లారీలు దిగి బస్తాలు తూకమునకు వచ్చువేళ ఆ బడిలో నేర్చినది మిగులునా? ఇట్టి సందేహము కలవారు నులియ చందయ్య కథను తలచుకొనవలెను. త్రాళ్ళు పేనుట ఆయన కాయకము. ఒకనాడు నీటిలో దిగి గడ్డి కోయుచుండగా మెడలోని ఇష్టలింగము జారి నీటబడెను. చందయ్య పని ఆపక మోపు కట్టుకొని బయలుదేరెను. లింగమే తన్ను స్వీకరింపుమని వెంటబడగా, మడివాళ మాచయ్య నడుమ కలుగజేసికొనవలసి వచ్చెనని శరణకథలు చెప్పుచున్నవి. కొల్లేటి కిక్కిస పొదలలో నడుములోతున దిగి గడ్డి కోసినవారికి ఈ దృశ్యము కన్నులకు కట్టును. పని యున్నది గనుక పూజ అక్కరలేదని చెప్పుటకు కొందరు ఈ కథను ఆసరాగ తీసికొనుచున్నారు. అది సోమరుల వ్యాఖ్యానము. ఆ త్రాళ్ళు అమ్మగా వచ్చినది జంగమ దాసోహమునకు పోవుచుండెను. కోయు ప్రతి గడ్డిపరకయు ఎవరికొరకో చందయ్యకు తెలియును. ఏలూరు తివాచీ మగ్గము ముందు కూర్చుండి ఒక్కొక్క ముడిగ ఉన్ని పువ్వును తీర్చువానికి క్షణమునందు నిలువుమని ఎవరు బోధింపవలెను? వానికి చూపు నిలుచును. ఆ నేత ఎవరి కొరకు, దాని ఫలము ఎచ్చటికి పోవును అనునదియే మిగిలిన ప్రశ్న.

ఈ ప్రశ్న మన ముంగిట ఎంత పెద్దదిగ నిలిచియున్నదో కొల్లేరే చెప్పును. చేపల చెరువు కాచువాడు తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు తగ్గి చేపలు పైకి తేలి నోళ్ళు తెరచునేమోనని రాత్రియంతయు మేలుకొని చూచును. ఆ మెలకువ నిజమైనది, కష్టార్జితమైనది. అయితే అది గట్టును దాటి పోదు. బుడమేరు, తమ్మిలేరు మొదలైన ఏరులు తెచ్చు నీటిని పట్టి ఉప్పుటేరు ద్వారా సముద్రమునకు పంపుట ఈ సరస్సు ధర్మము. గట్లు లేచిన కొలది నీరు నడచు దారి ఇరుకయ్యెను. 1999లో అభయారణ్యముగ ప్రకటింపబడి, 2002లో రామ్‌సార్ జాబితాకు ఎక్కిన సరస్సులో 2006 నాటికి గట్లను పగులగొట్టించుటకు 'ఆపరేషన్ కొల్లేరు' జరుపవలసి వచ్చినది. ఆనాడు పెద్ద పెట్టుబడులవారితోపాటు చిన్నవారి బ్రతుకుదెరువును పోయినది. వారి దుఃఖమును తేలికగ మాటలాడువారి ధర్మజ్ఞానమును నేను నమ్మజాలను. పిమ్మట అనేకచోట్ల గట్లు మరల లేచినవి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచిన పిదప, ఆ నీరు దిగువకు వచ్చి కొల్లేటి లంకల దారులను ముంచినది. ప్రతివాడును తన చెరువుపట్ల పరమ జాగరూకుడే. సరస్సును చూచువాడు లేడు.

లింగవంతులము శాకాహారులము, చేపల చెరువులతో మనకేమి నిమిత్తమని మన ఇండ్లలో అనుకొనుట కలదు. ఈ నిశ్చింత నిలువదు. డెల్టా వరిచేలలో చల్లిన ఎరువులును, పురుగుమందులును డ్రెయిన్ల ద్వారా కొల్లేటికే చేరుచున్నవి. ఏలూరు పట్టణపు మురుగునీరును ఆ దారినే పోవును. లింగమునకు అర్పించు అన్నము ఆ చేలలోనిదే, పళ్ళెము కడిగిన నీరు చేరునదియు అచ్చటికే. ప్రసాదమును అవధానముతో గ్రహించువాని చూపు పళ్ళెము అంచున ఆగునా, కొల్లేటి వరకు పోవునా? పోవలెనని నేను తలచుచున్నాను. పురుగుమందు కొనునపుడు అంగడివాని మాటకంటె చేను పరిస్థితిని చూచి మోతాదు నిర్ణయించు రైతు చేయునదియు ధ్యానమే యని చెప్పుటకు నాకు సంకోచము లేదు.

ఇంత దూరము చూచిన ఇల్లు నడచునా అని గృహస్థులు అడుగుదురు. ఆయ్దక్కి మారయ్య దంపతులకంటె బీద గృహస్థులు ఎవరు? రాలిన బియ్యము ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఒకనాడు అతడు నిత్యముకంటె ఎక్కువ తెచ్చినపుడు లక్కమ్మ ఆ బియ్యమును వండలేదు. మిగులును ఎచ్చటినుండి తెచ్చెనో అచ్చటనే పోసి రమ్మనెను. ఆమె కన్నులు మూసుకొని కూర్చుండలేదు. మూటను చేతికి తీసికొనినపుడు దాని బరువు నిన్నటికంటె హెచ్చని గుర్తించినది, అంతియే. ఆ గుర్తింపునకు ఎంత నెమ్మది కావలెనో, ఇంటిలో బియ్యపుడబ్బా అడుగంటిన దినములు చూచిన స్త్రీలకు నేను చెప్పనక్కరలేదు.

ఆరంభించువారికి భోజనవేళయే అనుకూలమని నా సలహా. సెల్‌ఫోనును మరియొక గదిలో ఉంచవలెను. పిల్లలకంటె ముందు పెద్దలకే ఇది కష్టముగ తోచును. లింగార్పణమైన పిమ్మట మొదటి ముద్దను తొందరపడక నమలి, రుచి పూర్తిగ పోయిన తరువాతనే రెండవదానికి చేయి చాపవలెను. పది ముద్దలలో ఏడెనిమిదింటికి మనస్సు బజారునకో, బాకీలకో పోవును. పోయినదని తెలిసినపుడు మరల తెచ్చుకొనుటయే చేయవలసిన పని. రెండవమారు వడ్డన అడుగబోవునపుడు లక్కమ్మ చేతిలోని మూట గుర్తునకు రావచ్చును. మొదటి కొన్ని దినములు రాకపోవచ్చును కూడ.