‘బడు’ వెనక ఎవరు?

“యానాం వాజ్ లిబరేటెడ్ ఇన్ 1954.” యానాం గురించి ఇంగ్లిష్‌లో ఎవరు రాసినా ఇలాంటి వాక్యం ఒకటి దొర్లుతుంది. వ్యాకరణపరంగా తప్పేం లేదు. ఒకటైతే వాజ్, ఎక్కువైతే వర్, పక్కన క్రియ మూడో రూపం. చేసినవాణ్ణి ‘బై’ తగిలించి చివర్లో పెట్టొచ్చు, పెట్టకపోయినా వాక్యానికి లోటు లేదు. నా పేచీ అంతా ఈ వెసులుబాటుతోనే. చేసినవాడి పేరు చెప్పకపోయినా ఫరవాలేదని వ్యాకరణం అంటే, నీతి కూడా సరేననాలా?

1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో కార్యకర్తలు యానాం పాలనని చేతుల్లోకి తీసుకున్నారు. ఆయన ఒకప్పుడు ఫ్రెంచి ప్రభుత్వంలోనే పోలీసు అధికారి! నవంబర్ 1న పాలన భారత్‌కి వచ్చింది. 1956 మే 28న ఒప్పందం మీద సంతకాలయ్యాయి. చట్టరీత్యా బదిలీ అయ్యేసరికి 1962 ఆగస్టు 16. రమణయ్య వైపు నుంచి చూస్తే యానాం ‘వాజ్ లిబరేటెడ్’, ఫ్రెంచి వైపు నుంచి ‘వాజ్ సీజ్డ్’, ఒప్పందం భాషలో ‘వాజ్ సీడెడ్’. క్రియ మారితే చరిత్రే మారిపోతోంది. చేసినవాడు మాత్రం మూడింట్లోనూ లేడు.

బళ్ళో మనకి నేర్పింది “రావణుడు రామునిచే చంపబడెను” అని. ఈ ‘బడు’ని ఇంట్లో ఎవరూ వాడరు. “రాముడి చేతిలో చచ్చాడు” అంటాం, కనీసం చెయ్యి కనిపిస్తుంది. పేరు చెప్పడం ఇష్టం లేకపోతే, గోదావరి వైపు “ఆయ్, ఇండియాలో కలిపేశారండి” అంటారు. ఎవరు కలిపారో చెప్పలేదు, కానీ చివర ఆ ‘రు’ ఉంది. ఎవరో మనుషులు చేసిన పని అని అదొక్కటీ పట్టిస్తుంది. వినేవాడికి “ఎవరండీ?” అని అడిగే సందు మిగులుతుంది. ఫ్రెంచిలో ‘ఓఁ’ అనే సర్వనామం చేసే పనీ ఇదే (యానాం మాట్లాడిన రెండు భాషలకీ ఈ చుట్టరికం ఉండటం నాకు ముచ్చటగా ఉంది). ఇంగ్లిష్‌లోనూ ‘దే’ ఉంది కానీ దాన్ని రిపోర్టుల గడప తొక్కనివ్వరు.

అలాగని తెలుగు ఏమీ అమాయకురాలు కాదు. “యానాం భారత్‌లో కలిసిపోయింది” అని కూడా అంటాం, గోదారి సముద్రంలో కలిసినట్టు, దానంతటదే. పాసివ్ కనీసం చేసినవాడు ఒకడున్నాడని ఒప్పుకుంటుంది. ఇది అదీ ఒప్పుకోదు.

మా వృత్తిలో సర్వర్ పడిపోతే రాసే రిపోర్టులో “డేటాబేస్ వాజ్ డిలీటెడ్” అని రాయడం మర్యాద. పేరు రాస్తే రేపు ఇంకొకడు భయపడి నిజం దాస్తాడు. దీన్ని నేను సమర్థిస్తాను, ఎందుకంటే రిపోర్టులో లేని పేరు లాగ్‌లో ఉంటుంది, కావలసినవాడు వెళ్ళి చూసుకోవచ్చు. అదే ఆఫీసులో “ఫలానా టీం వాజ్ లెట్ గో” అని మెయిల్ వస్తుంది. ఆ నిర్ణయానికి మాకు కనిపించే లాగ్ ఎక్కడా లేదు. మొదటి పాసివ్ జూనియర్‌ని కాపాడింది, రెండోది పైవాణ్ణి. వ్యాకరణానికి రెండూ ఒకటే.

యానాంలో ఇంకా చిక్కు కేసు ఒకటుంది. ఒప్పందం ప్రకారం, అక్కడ పుట్టి అక్కడే ఉంటున్న ఫ్రెంచి పౌరులు 1962 బదిలీ తర్వాత ఆరు నెలల్లోగా ఫ్రెంచి పౌరసత్వమే కావాలని రాసివ్వొచ్చు. రాసివ్వనివాళ్ళు భారతీయులు. “దే వర్ మేడ్ ఇండియన్స్” అంటే, ‘బై’ తర్వాత ఎవరిని పెట్టాలి? ఢిల్లీనా, పారిస్‌నా, ఒప్పందంలోని క్లాజునా? నేనైతే “ఆయన ఊరుకున్నాడు, భారతీయుడయ్యాడు” అని రాస్తాను. ‘చేయబడ్డాడు’ అంటే, ఆ ఆరు నెలలూ కాగితం ముందు పెట్టుకుని ఆయన ఏం ఆలోచించి ఉంటాడన్న ప్రశ్నకి వాక్యంలో చోటే ఉండదు.